దిక్కుల జమాఖర్చు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయకమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన యూరి గుడిని గూర్చియో, చెరువును గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. ఆ పనికి నాకంటె తగిన పెద్దలు కలరు. నేను వృత్తిచేత లెక్కలు వ్రాయువాడను. మా తండ్రిగారు కరణీకము చేసిరి; 1984లో ఆ పదవులు రద్దైన పిదప మా యింట మిగిలినవి పాత దస్త్రములు, ఒక అమరకోశము, లెక్క కుదరనిచో నిద్రపట్టని అలవాటు. సహకార సంఘమున లెక్కలు వ్రాయుచు, సాయంకాలములందు ఈ గ్రంథాలయమున కూర్చుండి, చేతికి దొరికిన పుస్తకమెల్ల చదువుచు వచ్చితిని. అట్లు చదివిన వానిలో నన్ను మిక్కిలి పట్టి యుంచినది ఒక లెక్క. అది ధాన్యపు లెక్క గాదు, శిస్తు లెక్క గాదు, దిక్కుల లెక్క. రేడియో యాంటెన్నా ఏ దిక్కునకు ఎంత శక్తిని పంపునో, ఏ దిక్కునుండి ఎంత గ్రహించునో కొలిచి వ్రాయు లెక్క.

నలువదేండ్లు దాటిన వారెల్లరకు ఈ కొలత తెలిసినదే. పేరు మాత్రము తెలియకపోవచ్చును. 1987లో ఆదివారమునాడు దూరదర్శనమున రామాయణము వచ్చు కాలమున మన మిద్దెలమీద ఇనుపగొట్టములు, వాని కొనలను అల్యూమినియపు కడ్డీల వరుసలు లేచినవి. గాలివాన కొట్టిన మరునాడు ఒకడు మిద్దె యెక్కి గొట్టమును త్రిప్పును. రెండవవాడు కిటికీయొద్ద నిలిచి, "ఇంకొంచెం తూర్పుకు తిప్పరా... ఆగాగు... పోయింది, వెనక్కు తిప్పు" అని కేకలు వేయును. మా పెదనాన్నగారి యింట మిద్దె మీదివాడను నేనే. క్రింద బొమ్మ చూచు భాగ్యము నాకు సగము కథ గడచిన పిదపనే కలుగుచుండెను.

ఆ పని చేసినవారు ఒక వింతను గమనించియే యుందురు. బొమ్మ స్పష్టముగ వచ్చు దిక్కు ఒకటి. అది దాటిన మెల్లగ మసకబారును, మరికొంత త్రిప్పిన పూర్తిగ పోవును. పోయినదిలే యనుకొని ఇంకను త్రిప్పగా, వేరొక దిక్కున సన్నగ మరల వచ్చును. ఈ వచ్చుటను, పోవుటను అంకెలలో వ్రాసి, కాగితముపై ఒక చుక్క చుట్టును గీతగా గీచినచో అది పూవు వలె కనబడును. ముందు నొక పెద్ద రేకు, దాని కిరుప్రక్కల చిన్న రేకులు, వెనుక నొక చిన్న రేకు, రేకుల నడుమ ఏమియు లేని సందులు. దీనికి వికిరణ చిత్రమని పేరు.

ఈ చిత్రమునకు ప్రాణమైన సూత్రము లెక్కలు వ్రాయువానికి వెంటనే బోధపడును. యాంటెన్నా శక్తిని పుట్టింపదు. దానికి నూరు రూపాయలు ఇచ్చినచో, లోపల వేడిగ మారి పోయినది పోగా, మిగిలిన దానినే దిక్కులకు పంచిపెట్టును. ఒక దిక్కున పదింతలు పంచినదనగా తక్కిన దిక్కులకు కోత పెట్టినదని యర్థము. అన్ని దిక్కుల పద్దులు కూడిన మొదటి మొత్తమే రావలెను. రానిచో కొలత తప్పియైన నుండవలెను, ఎవరును చూడని దిక్కొకటియైన నుండవలెను. అమరకోశమున దిగ్వర్గమను భాగము కలదు. చిన్ననాడు దానిని వల్లించునపుడు ఎనిమిది దిక్కుల ఏనుగులలో ఒక్కదాని పేరు మరచినను మా తండ్రిగారు మరల మొదటినుండి చెప్పించెడివారు. కొలతగదులలో పనిచేయువారి శిక్షణము గూడ ఇంచుమించు అట్టిదే. వారికి పెద్ద రేకు కంటె వెనుకటి చిన్న రేకే ఎక్కువ శ్రమ కలిగించును.

ఇంకొక్క ధర్మము చెప్పి చరిత్రలోనికి పోవుదును. యాంటెన్నా ఇచ్చునపుడు ఏ దిక్కున ఎంత ఇచ్చునో, పుచ్చుకొనునపుడు ఆ దిక్కుననే అంత పుచ్చుకొనును. ఈ న్యాయమును 1924లో అమెరికా దేశీయుడగు జాన్ కార్సన్ రేడియో పనికి అనువుగ నిరూపించెను. కావున ఒక వైపు కొలిచిన చాలును. రెండవ వైపు లెక్క తనంతట తానే వచ్చును. మనుష్యులలో ఈ న్యాయము కానరాదు గాని, లోహపు కడ్డీలు దీనిని తప్పవు.

ఈ దస్త్రపు మొదటి పుట జర్మనీ దేశమున కార్ల్‌స్రూహె నగరపు సాంకేతిక విద్యాలయములో వ్రాయబడెను. మాక్స్‌వెల్ గణితముచేత ఊహించిన విద్యుత్తరంగములను అచటి ఆచార్యుడు హైన్‌రిఖ్ హెర్ట్జ్ 1887, 1888 సంవత్సరములలో పుట్టించి పట్టుకొనెను. ఆయన పంపు సాధనము నడుమ సందుగల రెండు కడ్డీలు. ఆ సందున నిప్పురవ్వలు దూకును. గ్రహించు సాధనము వంచిన తీగ. దాని కొనల నడుమ వెండ్రుకవాసి సందు. తరంగము తగిలినపుడు ఆ సందున సన్నని రవ్వ మెరయును. గదిని చీకటి చేసి, మరను త్రిప్పి సందును సవరించుచు, రవ్వ ఎంత దూరము దూకగలదో చూచుటయే ఆయన కొలత. ముల్లు లేదు, అంకెల పలక లేదు. మనుష్యుని కన్నే కొలమానము. అట్టి సాధనముతోడనే, కడ్డీలకు అడ్డముగ నున్న దిక్కున తరంగము బలముగ నుండుననియు, కడ్డీల కొనలు చూపు దిక్కున ఉండదనియు ఆయన కనుగొనెను. లోకమున మొదటి వికిరణ చిత్రమునకు ఇదియే బీజము. 1888 డిసెంబరులో ప్రకటించిన ప్రయోగములకై జింకు రేకులను వంచి నిలువెత్తు అద్దములు చేసి, కంటికి కానరాని ఆ తరంగమును దీపపు వెలుతురు వలె ఒక వరుసను పంపెను. గట్టి తారుతో సుమారు 600 కిలోగ్రాముల పట్టకము పోతపోసి, దానిగుండ పోయిన కిరణము 22 డిగ్రీలు ప్రక్కకు వంగుటను కొలిచెను.

కాని హెర్ట్జ్ లెక్కలో ఒకటి కుదరలేదు. తరంగము గాలిలో పోవు వేగమును, తీగవెంట పోవు వేగమును సమానముగ నుండవలెనని మాక్స్‌వెల్ సిద్ధాంతము. హెర్ట్జ్ కొలువగా గాలిలోని వేగము ఎక్కువగ తేలెను. మరల మరల కొలిచినను అట్లే వచ్చెను. ఆయన దానిని దాచలేదు. ఉన్నదున్నట్లు ప్రకటించి, గది గోడలును, ఆ గదిలో నుండిన ఇనుప పొయ్యియు తరంగములను త్రిప్పికొట్టి కొలతను చెడగొట్టినవేమోయని సందేహపడెను. 1893లో జెనీవా నగరమున సరసాన్, ద లా రీవ్ అను నిరువురు పెద్ద మందిరములో పెద్ద లోహపు పలకతో అదే కొలత చేయగా వేగములు రెండును సమానముగ వచ్చినవి. తప్పు సిద్ధాంతమున లేదు, హెర్ట్జ్ చేతిలోను లేదు. గది అబద్ధము చెప్పినది. మరుసటి సంవత్సరము మొదటి దినముననే, 36 ఏండ్ల ప్రాయమున, హెర్ట్జ్ మరణించెను.

గది చెప్పు అబద్ధమును ఎట్లు తప్పించుకొనవలెనను ప్రశ్నయే ఈ చరిత్రకంతకును వెన్నెముక. తరంగమును పొట్టిది చేసినచో సాధనము చిన్నదగును, గది దానిముందు పెద్దదగును. ఈ త్రోవను అందరికంటె ముందు నడచినవాడు మన దేశపువాడే. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ చంద్ర బోసు 1894 చివరనుండి పని మొదలుపెట్టి, హెర్ట్జ్ తరంగము 66 సెంటీమీటర్లుండగా, 5 మిల్లీమీటర్ల తరంగములను పుట్టించెను. గది యంతయు ఆక్రమించిన ప్రయోగము బల్లమీదికి దిగెను. డిగ్రీలు చెక్కిన గుండ్రని పలక, దాని నడుమ పరీక్షింపవలసిన వస్తువు, ఒక ప్రక్క లోహపు పెట్టెలో మూసిన పంపు సాధనము, ఇంకొక ప్రక్క గుండ్రముగ తిరుగు చేతికి అమర్చిన గ్రహించు సాధనము. ఆ సాధనపు నోటికి నూనె పోయు గరాటు వంటి లోహపు గరాటును తగిలించెను. నేడు హార్న్ యాంటెన్నా యనునది ఆ గరాటే. 1897 జనవరి 29వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఈ సాధనములను ఆయన చూపెను. నేటి కొలతగదులలో యంత్రము త్రిప్పు బల్ల బోసు పలకకు మునిమనుమడు వంటిది.

గ్రంథాలయ సంచికలో చెప్పదగిన విశేషమొకటి ఇచట కలదు. తరంగము నిలువుగ ఊగుచున్నదో అడ్డముగ ఊగుచున్నదో తేల్చుటకు బోసు వాడిన వస్తువులలో ఒక పుస్తకము గూడ నుండెను. బ్రాడ్‌షా రైల్వే టైముటేబులు! దాని పుటల వరుస ఒక తీరున ఊగు తరంగమును ఆపి, మరియొక తీరున ఊగుదానిని పోనిచ్చెను. రైలు తప్పిపోయిన కోపమున టైముటేబులును విసరికొట్టినవారిని చూచితిని గాని, దానిచే ప్రకృతి పరీక్ష చేయించినవారిని గూర్చి వినుట అదియే మొదలు.

మన మిద్దెలమీది కడ్డీల వరుస జపానునుండి వచ్చినది. సెండాయి నగరమున తోహోకు విశ్వవిద్యాలయమున హిదెత్సుగు యాగి ఆచార్యుడు, ఆయన సహాయకుడు షింటారో ఉడా 1926లో దానిని ప్రకటించిరి. తీగ తగిలించిన కడ్డీ ఒకటియే. దాని వెనుక కొంచెము పొడవైన కడ్డీ అద్దము వలె త్రిప్పికొట్టును. ముందరి పొట్టి కడ్డీలు త్రోవ చూపుచు ముందునకు నడిపించును. కడ్డీ పొడవు ఎంత, కడ్డీకి కడ్డీకి నడుమ ఎడము ఎంత యను ప్రశ్నలకు సూత్రములు చేతనుంచుకొని వారు బయలుదేరలేదు. కడ్డీని జరుపుట, చుట్టును కొలుచుట, చిత్రము గీయుట, మరల జరుపుట. ఉడా శ్రమలో చాలభాగమిదియే. 1928లో యాగి ఆంగ్లమున వ్రాసిన వ్యాసము మూలమున అది లోకమునకు తెలిసెను. స్వదేశమున దానికి వెంటనే ఆదరము కలుగలేదు. 1942లో సింగపూరు జపానువారి చేజిక్కినపుడు, అచట దొరికిన ఆంగ్లేయుల రాడారు కాగితములలో మాటిమాటికి వచ్చిన "యాగి" యను పదమునకు అర్థము తెలియక బందీని అడుగగా, అది మీ దేశపు ఆచార్యుని పేరే యని అతడు చెప్పినట్లు ఒక కథ ప్రసిద్ధము.

ఇక అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున హోల్మ్‌డెల్ అను చోటు. బెల్ ప్రయోగశాలవారి పొలమున 1931లో కార్ల్ జాన్‌స్కీ యను యువకుడు సుమారు 30 మీటర్ల పొడవుగల యాంటెన్నాను ఫోర్డు కారు చక్రములమీద నిలిపి, 20 నిమిషములకు ఒక చుట్టు తిరుగునట్లు చేసెను. సముద్రము దాటి పోవు టెలిఫోను మాటలకు అడ్డు తగులు చప్పుళ్లు ఏ దిక్కునుండి వచ్చుచున్నవో కనుగొనుట అతని ఉద్యోగము. ఉరుముల చప్పుడు, దూరపు ఉరుముల చప్పుడు పద్దులలో చేరినవి. మూడవది, సన్నని ఈల వంటి చప్పుడు, దేనిలోను చేరలేదు. అది దినమునకు 4 నిమిషములు ముందుగ వచ్చుచుండెను. సూర్యుని ననుసరించునది అట్లు జరుగదు. నక్షత్రముల ననుసరించునదే జరుగును. అది మన పాలపుంత నడిబొడ్డునుండి, ధనూరాశి దిక్కునుండి, వచ్చుచున్నదని 1933లో జాన్‌స్కీ ప్రకటించెను. త్రిప్పి కొలుచు అలవాటు లేకున్న ఆ ఈల రేడియో చప్పుళ్లలో కలిసి పోయి యుండును.

కొలతగదిని గూర్చి ఇపుడు చెప్పవలెను. యాంటెన్నా చిత్రము నిజముగ రావలెనన్న, దానికి చేరు తరంగము తిన్నని పలక వలె చేరవలెను. దగ్గరనుండి వచ్చు తరంగము చెరువులో రాయి వేసిన అలవలె వంగియుండును. ఎంత దూరముండవలెను? యాంటెన్నా వెడల్పును అంతే వెడల్పుతో హెచ్చవేసి, రెట్టించి, తరంగము పొడవుచే భాగించిన వచ్చు దూరము కనీసముగ నుండవలెనని యాంటెన్నా కొలుచువారి నియమము. మీటరు వెడల్పు, 3 సెంటీమీటర్ల తరంగమైనచో సుమారు 67 మీటర్లు. ఇది పొలమున కుదురును, గదిలో కుదరదు. పొలమున వానయు, నేలనుండి త్రిప్పికొట్టు తరంగమును, పరుల ప్రసారములును బాధించును. గదిలో గోడలు బాధించును. రెండవ ప్రపంచ యుద్ధమునకు తరువాత అమెరికా నౌకాదళ పరిశోధనాలయమున జంతువుల వెండ్రుకల చాపలను బొగ్గుపొడి కలిపిన రబ్బరులో ముంచి గోడలకు తగిలించి, తరంగములను త్రిప్పికొట్టక మ్రింగునట్లు చేసిరి. తరువాత వానికి బదులు బొగ్గు పట్టించిన నురుగుదిమ్మలు వచ్చినవి. గోపురపు మొనల వంటి దిమ్మలు గోడలు, నేల, కప్పు అంతటను లోపలివైపునకు పొడుచుకొనివచ్చి నిలిచియుండును. హెర్ట్జ్ పొయ్యికి ఆ గదిలో ప్రవేశము లేదు. నడుమ నొక స్తంభము, దానిపై యాంటెన్నా. అది డిగ్రీ డిగ్రీగ తిరుగుచుండ అంకెలు వ్రాయబడుచుండును. దూరము చాలనపుడు, యాంటెన్నా ముందర దగ్గరగనే చిన్న గ్రాహకమును వరుసలు వరుసలుగ నడిపి కొలిచి, దూరపు చిత్రమును గణితముచే రాబట్టు పద్ధతిని 1960వ దశకమునుండి బోల్డరు నగరమున ప్రమాణముల సంస్థవారు పెంపొందించిరి.

ఇదంతయు ఎందులకు, వెనుకటి చిన్న రేకును ఎవరు పట్టించుకొందురని ఎవరైన అడిగినచో, నేను వారికి మరల హోల్మ్‌డెల్ కథయే చెప్పుదును. ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను పురికొల్పినదియు నదియే.

1960లో ఎకో యను పెద్ద లోహపుపూత బుడగను ఆకాశమునకు పంపి, దానిపై తగిలి వచ్చు సన్నని ప్రసారమును పట్టుటకై అచటి క్రాఫర్డ్ కొండమీద 20 అడుగుల నోరుగల గరాటు యాంటెన్నాను బెల్ ప్రయోగశాలవారు కట్టిరి. ఇట్టి సన్నని పనిలో చప్పుడును ఉష్ణోగ్రతగ లెక్కింతురు. వేడిగల ప్రతి వస్తువును రేడియో చప్పుడు చేయును. నేల మంచుబిందువునకు పైన నున్నది. కెల్విను మానమున ఇంచుమించు 300 డిగ్రీలు. యాంటెన్నా ఆకాశమును చూచుచున్నను, దాని వెనుకటి రేకులు నేలను చూచుచుండును. గ్రహించు దానిలో నూటికొక వంతు నేలనుండి వచ్చిననే 3 డిగ్రీలు లెక్కలో కలియును. ఈ 3 డిగ్రీలను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

1961లో ఎడ్వర్డ్ ఓమ్ అను ఇంజనీరు ఆ యాంటెన్నా చప్పుడునకు పద్దులు వ్రాసెను. ఆకాశమునకు 2.3 డిగ్రీలు, గరాటునకు 2, గొట్టములకు 7, మేజరను సాధనమునకు 7, తక్కిన దానికి 0.6, మొత్తము 18.9. కొలిచినపుడు 22.2 వచ్చెను. తేడా 3.3. కాని ప్రతి పద్దునకును కొంత హెచ్చుతగ్గు అంచనా కలదు. అవి అన్నియు కూడిన ఆ తేడాకు చోటు చిక్కెను. ఒక్కొక్క పద్దు తన వంతు కొంచెము కొంచెము మోసియుండునని తలచి పని సాగించిరి. అతనిని తప్పు పట్టరాదు. అతనికి కావలసినది బుడగనుండి వచ్చు మాట వినబడుట, అది వినబడెను.

నేను ఈ పుటయొద్ద పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలో ఒక అర్ధసంవత్సరపు లెక్కలో నాకు 340 రూపాయలు తేడా వచ్చెను. పైవారొకరు, "పెద్ద మొత్తం కాదుగదా, అనామతు ఖాతాలో వేసి మూసెయ్యి" అనిరి. నేనట్లే చేసితిని. ఏడు నెలలకు ఒక ముసలమ్మ రసీదు పట్టుకొని వచ్చి, తాను కట్టిన వాయిదాకు మరల వడ్డీతో నోటీసు ఏల వచ్చినదని అడిగెను. రసీదు నా చేతివ్రాతయే. ఆమె 340 రూపాయలే నా అనామతు. "నువ్వు రాసిందే గదా నాయనా" అని తప్ప ఆమె మరియొక మాట అనలేదు. వడ్డీ రద్దైనది, ఆమె ఖాతా సరియైనది. నా కామాట నేటికిని చెవినున్నది.

1964లో అదే గరాటుయొద్దకు ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ అను నిరువురు వచ్చిరి. వారికి వినబడుట చాలదు. పాలపుంత వెలుపలి అంచులనుండి వచ్చు సన్నని చప్పుడు ఎంతయో సరిగ తెలియవలెను. అందుచేత ద్రవ హీలియముతో చల్లార్చిన ప్రమాణము నొకదానిని ప్రక్కన నుంచి, దానితో పోల్చుచు 7.35 సెంటీమీటర్ల తరంగముపై కొలువ మొదలుపెట్టిరి. తేడా మరల తేలెను. న్యూయార్కు నగరము వైపు త్రిప్పి చూచిరి, అది కాదు. ఋతువులు మారిన మారునేమోయని చూచిరి, మారలేదు. గరాటులో ఒక పావురముల జంట కాపురముండి లోపల తెల్లని పూత పూయగా, పావురములను వెడలగొట్టి, పూతను కడిగి, రేకుల అతుకులపై అల్యూమినియపు పట్టీలు అంటించిరి. తేడా ఇంచుమించు అట్లే నిలిచెను.

మిగిలినది వెనుకటి రేకు. నేలవేడి దొంగతనముగ లోనికి వచ్చుచున్నదని ఎవరైన అనవచ్చును. నూటికొక వంతు చాలునని పైన చెప్పితిని. గరాటు పద్దుగ ఓమ్ వ్రాసిన 2 డిగ్రీలలో అట్టి అనుమానమునకు చోటుండెను. వారు ఊహించి ఊరకుండలేదు. గరాటును నడినెత్తికి చూచునట్లు నిలిపి, చిన్న పంపు సాధనము నొకదానిని చుట్టుపట్ల నేలమీద పది చోట్ల ఉంచి, ఒక్కొక్క చోట నిలువుగ ఊగు తరంగముతో నొకమారు, అడ్డముగ ఊగుదానితో నొకమారు, గరాటును నాలుగు దిక్కులకు పూర్తిగ త్రిప్పి కొలిచిరి. వెనుకటి రేకుల సగటు, అన్ని దిక్కులకు సమముగ పంచు యాంటెన్నాకు వచ్చు దానిలో వేయవవంతు కన్నను తక్కువయని తేలెను. నేల పద్దు 0.1 డిగ్రీకి లోపలనే. అంతటితో దొంగ దాగుకొను గది మూయబడెను. 1965లో వారు ప్రకటించిన లెక్క ఇది: నడినెత్తిన కొలిచిన మొత్తము 6.7 డిగ్రీలు. అందు గాలిమండలమునకు 2.3, లోహపు నష్టమునకు 0.8, వెనుకటి రేకులకు 0.1. పోగా 3.5 డిగ్రీలు, హెచ్చుతగ్గు 1 డిగ్రీ.

పాఠకులు ఈ కూడికను, తీసివేతను తాము చేసి చూడవచ్చును. ఇంత చిన్న జమాఖర్చు ఇంత పెద్ద వార్త చెప్పుట నేనెరుగను. ఆ 3.5 డిగ్రీలు ఏ వస్తువుదియు గాదు. అన్ని దిక్కులనుండి సమముగ వచ్చుచున్న ఆదికాలపు వేడి శేషము. సమీపమున ప్రిన్స్‌టన్ నగరమున రాబర్ట్ డికీ బృందము దీనినే వెదకుటకు సాధనము కట్టుచుండగా ఈ సంగతి తెలియవచ్చెను. ఇరువుర వ్యాసములు ఒకే పత్రికలో ప్రక్కప్రక్కన వెలువడినవి. ఇట్టి శేషముండవలెనని ఆల్ఫర్, హెర్మన్ 1948లోనే గణించి, 5 డిగ్రీల ప్రాంతమని చెప్పియుండిరి. ఆ మాటను పలువురు మరచిరి. 1978లో పెంజియాస్, విల్సన్‌లకు నోబెల్ బహుమానము వచ్చెను. తరువాత ఉపగ్రహములతో సూక్ష్మముగ కొలువగా ఆ యంకె 2.725గ నిలిచెను. ఓమ్ తేడాలో నుండినదియు నదియే.

మన ప్రాంతమునకు వచ్చి ముగింతును. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను కట్టిన 32 మీటర్ల పళ్లెము బెంగుళూరు సమీపమున బ్యాలాలు గ్రామమున నిలిచి, 2008లో చంద్రయానమునకు తోడ్పడెను. పైన చెప్పిన నియమము చొప్పున 3.6 సెంటీమీటర్ల తరంగమునకు దానిని సుమారు 57 కిలోమీటర్ల దూరమునుండి పరీక్షింపవలెను. ఏ గదికిని అంత పొడవు లేదు. ఇట్టి పెద్దవానికి ఆకాశముననే గురుతు వెదకుదురు.

తిరుపతి సమీపమున గాదంకి గ్రామమున ఆకాశపు పైపొరలలోని గాలులను చూచు రాడారు 1990వ దశకపు తొలియేండ్లలో సిద్ధమాయెను. దాని యాంటెన్నా ఒక పళ్లెము గాదు. 130 మీటర్ల చదరపు మైదానమున 1024 చోట్ల, యాగి, ఉడాల కడ్డీల వరుసలే, జంటలు జంటలుగ, ఆకాశమునకు మొగమెత్తి నిలిపిరి. మన మిద్దెమీది దానికి రెండువేలకు పైగ అన్నదమ్ములని చెప్పవచ్చును. తరంగము పొడవు మాత్రము ఐదున్నర మీటర్లకు పైన. అన్నియు కలిసి నడినెత్తిన సుమారు 3 డిగ్రీల సన్నని రేకును చేయవలెను. చేసినవో లేవో ఎట్లు తెలియును? త్రిప్పుటకు వీలులేదు, చుట్టును కొలుచుటకు సాధనమును ఆరు కిలోమీటర్ల యెత్తున పట్టుకొనువారు లేరు. కాని కన్యారాశిలో సుమారు ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ఒక పెద్ద నక్షత్రమండలము కలదు. వర్గో-ఏ యని దాని రేడియో పేరు. అది ఉత్తరపు 12 డిగ్రీల చిల్లర వరుసను నడచును. గాదంకి పదమూడున్నర డిగ్రీల వరుసన ఉన్నది. కావున దినమునకొకమారు అది గాదంకి నడినెత్తికి ఒక్క డిగ్రీ దక్షిణముగ దాటిపోవును. యాంటెన్నాను త్రిప్పుటకు బదులు భూమియే త్రిప్పును. ఆ మండలపు చప్పుడు మెల్లగ హెచ్చి, శిఖరమెక్కి, మెల్లగ తగ్గిన తీరును వ్రాసికొని, రేకు వెడల్పును, అది చూచు దిక్కును శాస్త్రజ్ఞులు సరిచూచుకొనిరి.

మన యూరు గాదంకికి ఉత్తరముననే గదా. కొంచెము దక్షిణముగ వాలి, ఆ మండలము మన మిద్దెలమీదుగ గూడ దినమునకొకమారు, నిన్నటికంటె 4 నిమిషములు ముందుగ, దాటిపోవుచునే యున్నది.